పాత బండే కదండీ!

మొన్న కార్తీకంలో ఓ ఆదివారం పొద్దున్న, అడవివరం జంక్షన్ దాటీ దాటగానే మా ఫియట్ క్లచ్ చేతులెత్తేసింది. 1975 మోడలు ప్రీమియర్ కారది. మా నాన్న పోర్టులో పనిచేసే రోజుల్లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. కాగితాల మీద పేరు పద్మిని. మా ఇంట్లో, వీధిలో, మెకానిక్కు దగ్గర మాత్రం అది ఫియట్టే.

క్లచ్ పోవడం పెద్ద విషయం కాదు. యాభై ఏళ్ళ బండి, పోతుంది. రికవరీ వ్యాన్ని పిలిచాను. గాజువాక ఆటోనగర్లో మా మెకానిక్ దగ్గర దింపాలి. వచ్చినతను ముందు బంపర్‌కి కొక్కెం తగిలించి, వించ్‌తో పైకి లాగి, ఒక తాడు కట్టాడు. "చక్రాలకి బెల్టులు వెయ్యవా?" అంటే, "హ్యాండ్‌బ్రేక్ ఎయ్యండి సార్, ఏటీ అవదు" అన్నాడు. నేనూ సరే అన్నాను. అక్కడే ఒక చీటీ ఇచ్చి సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. చదవలేదు.

ఎన్ఏడీ దగ్గర ఎవడో బైకువాడు అడ్డొచ్చాడు, వ్యాను గట్టిగా బ్రేకు వేసింది. కారు ముందుకి జారి వ్యాను ముందున్న ఇనప కంచెకి గుద్దుకుంది. బంపర్ వంగింది, గ్రిల్ విరిగింది, బానెట్ మడతపడింది, ఎడమ మడ్‌గార్డ్ నొక్కుకుపోయింది. తెగిన గొలుసు ముక్క ఎగిరి అద్దానికి తగిలి అది కూడా బీటలు వారింది. కారు దిగాక ఆ డ్రైవరు అన్న మాట ఇది. "పాత బండి కదా సార్, తుప్పట్టీసుంది. కొత్త బండయితే ఏటీ అవదు."

రెండ్రోజుల తర్వాత ఇన్సూరెన్స్ సర్వేయరు గారు వచ్చారు. ఆయన కూడా అదే మాట. "పాత బండే కదండీ." ఇదంతా ఇంట్లో చెప్తే మా బావమరిది కూడా, "పాత బండే కదా బావా, తుక్కుకి ఇచ్చెయ్యకూడదూ?" అన్నాడు.

ఆ మాట మీదే నాకు కోపం. ఈ మొత్తం వ్యవహారంలో ఎవరి తప్పునైనా కప్పెయ్యడానికి పనికొచ్చే మంత్రం అది. చక్రాలకి బెల్టు కట్టనివాడి తప్పు, కాగితం మీద కారుకి విలువ లేకుండా చేసిన పద్ధతి తప్పు, చివరికి నా తప్పు, మూడూ ఆ మూడు మాటల కింద దాక్కుంటాయి. ఒక్కోటి బయటికి లాగుదాం.

ముందు వ్యాను సంగతి. ఈ ఫియట్‌కి కింద విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. బంపర్ అన్నది బోల్టులతో బిగించిన అలంకారం, కారు బరువు లాగడానికి పెట్టింది కాదు. వ్యాను మీద పెట్టినప్పుడు కట్టాల్సింది చక్రాలని. నాలుగు చక్రాలకీ నాలుగు బెల్టులు, రాట్చెట్‌తో బిగించి. కారు స్ప్రింగుల మీద ఊగినా చక్రాలు కదలవు. ఇక హ్యాండ్‌బ్రేకు, అది వెనక రెండు చక్రాల మీద మాత్రమే పనిచేసే వస్తువు. మిట్ట మీద నిలపడానికి సరిపోతే అదే పదివేలు. ఇందులో రాకెట్ సైన్సేమీ లేదు. నాలుగు బెల్టులు కట్టడానికి పది నిమిషాలు. కొత్త కారైనా అదే కట్టు కట్టకపోతే అలాగే జారుతుంది. జారడానికి తుప్పుకీ ఏమీ సంబంధం లేదు.

"మీరు సంతకం పెట్టారు కదా సార్, ఓనర్ రిస్క్" అన్నాడు వ్యాను యజమాని. చీటీ చివర్న చీమ తలకాయంత అక్షరాల్లో నిజంగానే ఉంది. ఈ రెండు పదాలు చూసి మనలో నూటికి తొంభై మంది అక్కడితో ఆగిపోతాం. నేనూ ఒక రోజు ఆగిపోయాను. తర్వాత చదవడం మొదలెట్టాను.

మన కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. దాంట్లో 151వ సెక్షన్ ఏమంటుందంటే, వేరేవాళ్ళ వస్తువు నీ చేతిలో పెట్టినప్పుడు, అలాంటిదే నీ సొంత వస్తువైతే ఒక మామూలు తెలివున్న మనిషి ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో నువ్వూ అంత జాగ్రత్తగా చూడాలి. అంతే. వస్తువు కొత్తదా పాతదా అని అది అడగదు.

ఇక "ఓనర్ రిస్క్" సంగతి. ఢిల్లీ తాజ్‌మహల్ హోటల్లో 1998లో ఒకాయన కారు తాళాలు హోటల్ మనిషి చేతికిచ్చి లోపలికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి కారు దొంగలపాలైంది. పార్కింగ్ చీటీ మీద ఓనర్ రిస్క్ అని రాసుంది. ఆ కేసు సుప్రీం కోర్టు దాకా వెళ్ళి 2019 నవంబరులో తీర్పొచ్చింది. తనదో తన సిబ్బందిదో నిర్లక్ష్యం ఉన్నప్పుడు, ఆ చీటీ ముక్క చూపించి హోటల్ తప్పించుకోలేదు అన్నారు. పైగా, అప్పగించిన కారు ఇచ్చినట్టు తిరిగి రాకపోతే, జాగ్రత్తగానే ఉన్నామని నిరూపించుకోవాల్సింది హోటలే అన్నారు. హోటల్ వేరు, రికవరీ వ్యాను వేరు అని మీరు అనొచ్చు. ఒప్పుకుంటాను. కానీ సూత్రం ఒకటే. డబ్బు తీసుకుని నా బండి చేతిలోకి తీసుకున్నావు, ఎలా తీసుకున్నావో అలా అప్పగించు.

అన్నట్టు ఇంకోటి. "వ్యానుకి ఇన్సూరెన్స్ ఉంది కదా, అదిస్తుందిలే" అనుకోకండి. మోటారు పాలసీల మామూలు షరతుల్లో, లాక్కెళ్తున్న బండికి జరిగిన నష్టాన్ని లాగే బండి పాలసీ ఇవ్వదని విడిగా రాసుంటుంది. వ్యాను యజమాని జేబులోంచి రావాలి, లేదా మన సొంత పాలసీలోంచి రావాలి.

సరే, మన సొంత పాలసీకి వద్దాం. చాలా మంది పాత కార్లవాళ్ళు థర్డ్ పార్టీ ఒక్కటే కట్టి ఊరుకుంటారు. చట్టం తప్పనిసరి అన్నది అదొక్కటే కదా అని. అలా అయితే ఇక్కడ ఒక్క రూపాయి కూడా రాదు. నాది ప్యాకేజీ పాలసీ. దాంట్లో నాకు తెలియని మంచి విషయం ఒకటి దొరికింది. అగ్ని, దొంగతనం, తుపాను, ప్రమాదం అని రాసుకుంటూ వచ్చిన జాబితాలో, రోడ్డు మీదో రైల్లోనో పడవలోనో రవాణా అవుతున్నప్పుడు జరిగే నష్టం కూడా ఉంది. అంటే వ్యాను మీద జరిగింది కవరవుతుంది. ఆ రోజు రాత్రి హాయిగా నిద్రపోయాను. ఆ ఒక్క రాత్రే :)

మా మెకానిక్ నాన్నగారి కాలం నుంచీ ఉన్నవాడు. లెక్క ఇలా వేశాడు. ఇనప సామాను, అంటే బంపర్, గ్రిల్, బానెట్, మడ్‌గార్డ్ అన్నీ సెకండ్‌హ్యాండ్‌లో వెతికి తెస్తే 30,000. అద్దం 6,000. రబ్బర్లు 2,000. టింకరింగు, బిగింపు కూలి 25,000. పెయింటింగు 40,000. మొత్తం 1,03,000.

ఇప్పుడు తరుగుదల. అందరూ తిట్టుకునేది దీన్నే. పదేళ్ళు దాటిన బండికి లోహపు భాగాల మీద సగం కోత. రబ్బరు, ప్లాస్టిక్ మీద ఏ బండికైనా సగం. అద్దం మీద కోత లేదు. పెయింటింగు బిల్లులో పావు వంతు రంగు ఖరీదు అని లెక్కేసి దాంట్లో సగం కోస్తారు. కూలి మీద కోత లేదు. ఆ ప్రకారం నాకు రావాల్సింది: సామానుకి 15,000, అద్దానికి 6,000, రబ్బర్లకి 1,000, కూలి 25,000, పెయింటుకి 35,000. కలిపి 82,000. అందులో తప్పనిసరిగా మనం భరించాల్సిన 1,000 తీసేస్తే 81,000. యాభై ఏళ్ళ బండికి లక్షా మూడు వేల బిల్లులో ఎనభై ఒక్క వేలు! తరుగుదల మనం తిట్టుకునేంత ఘోరమైనదేం కాదని ఆ కాగితం మీద తేలింది.

మరి సర్వేయరు గారు ఏమన్నారు? "ఐడీవీ నలభై వేలండీ. లక్ష పెట్టి రిపేరెలా ఇస్తాం?"

ఇదీ అసలు దెబ్బ. ఐడీవీ అంటే కారు విలువ ఇంత అని పాలసీలో రాసుకున్న అంకె. రిపేరు ఖర్చు ఆ అంకెలో 75 శాతం దాటితే ఆ కారు పోయినట్టే లెక్క. నలభై వేలలో 75 శాతం ముప్ఫై వేలు. అంటే మా ఫియట్‌కి ఒక బంపర్, ఒక మడ్‌గార్డ్ పోతే చాలు, కాగితం మీద చచ్చిపోయినట్టే. నలభై వేలలోంచి శకలం ఖరీదు పన్నెండు వేలు, ఆ వెయ్యీ తీసేసి 27,000 ఇస్తామన్నారు. 81,000 ఎక్కడ, 27,000 ఎక్కడ?

ఆ నలభై వేలు ఎవరు పెట్టారు? ఏమాటకామాటే చెప్పుకోవాలి, నేనే పెట్టాను. రెన్యూవల్ అప్పుడు ఏజెంటు ఫోన్లో, "ఎంత వేసెయ్యమంటారు సార్? తక్కువ వేస్తే ప్రీమియం తగ్గుతుంది" అన్నాడు. "తక్కువే వెయ్యి" అన్నాను. ఏడాదికి నాలుగైదు వేలు మిగిలాయని సంబరపడ్డాను. ఇలా శుభ్రంగా ఉంచిన ఫియట్ కొనాలంటే రెండున్నర లక్షలు అడుగుతున్నారు. అదే అంకె వేసుంటే 75 శాతం అంటే 1,87,500. నా బిల్లు దాని దరిదాపుల్లో లేదు. 81,000 వచ్చి ఉండేది.

నా ఉద్యోగంలో రోజూ చూసేదే ఇది. ప్రోగ్రాం తప్పు లెక్క చూపిస్తోందని మూడు రోజులు కోడంతా తవ్వుతాం. చివరికి చూస్తే మొదటి గడిలో మనమే తప్పు అంకె కొట్టుంటాం. తరుగుదల పట్టిక మీద నేను పళ్ళు నూరాను. తప్పు మొదటి గడిలో ఉంది.

అయితే తప్పంతా నా ఒక్కడిదే అని ఊరుకోను. అయిదేళ్ళ లోపు బండికి ఐడీవీ ఎలా వెయ్యాలో పట్టిక ఉంది. ఏడాది దాటితే ఇరవై శాతం, రెండేళ్ళు దాటితే ముప్ఫై, అలా నాలుగేళ్ళు దాటాక యాభై శాతం దాకా కోత. అయిదేళ్ళు దాటిన బండికి, తయారీ ఆగిపోయిన మోడలుకి పట్టిక లేదు. కంపెనీ, ఓనరు కూర్చుని మాట్లాడుకుని ఒక అంకెకి ఒప్పుకోవాలి. చదవడానికి బాగుంది. మరి ఎవరు కూర్చున్నారు? ఎవరు మాట్లాడారు? ఫోన్లో అర నిమిషం. కారు చూసినవాడు లేడు, వాల్యుయేషన్ అడిగినవాడు లేడు. "తక్కువ వేస్తే చిన్న దెబ్బకి కూడా బండి పోయినట్టు లెక్కవుతుంది సార్" అని ఒక్క ముక్క చెప్పినవాడు లేడు. ఒప్పందం అంటే ఇద్దరికీ విషయం తెలిసి ఉండాలి కదా!

ఇంకా పెద్ద విడ్డూరం వినండి. 2002 నాటి మోటారు టారిఫ్‌లో వింటేజ్ కార్లకి ప్రత్యేక మర్యాద ఉంది. ముందే ఒక విలువ ఒప్పుకుని, కారు పోతే ఆ మొత్తం ఇచ్చే పాలసీ వాటికి మాత్రమే ఇవ్వొచ్చు. పైగా ప్రీమియంలో పాతిక శాతం తగ్గింపు. మరి వింటేజ్ అంటే ఏది? 1940 డిసెంబరు 31కి ముందు తయారై, వింటేజ్ అండ్ క్లాసిక్ కార్ క్లబ్ ఆఫ్ ఇండియా ధ్రువపత్రం ఉన్నది. 1940 నాటికి ఈ దేశంలో అంబాసిడరూ లేదు, పద్మినీ లేదు. అప్పుడు కార్లెవరికుండేవో మీకు తెలుసు. అంటే రాజావారి రోల్స్ రాయిస్‌కి మర్యాద ఉంది, గుమాస్తా ఫియట్‌కి లేదు.

2021 జులైలో కేంద్రం మోటారు వాహన నియమాలు మార్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్ళు దాటి, పెద్దగా మార్పులు చెయ్యకుండా ఉంచిన బండి వింటేజ్ అంది. కొత్తగా రిజిస్టర్ చేస్తే నంబరులో వీఏ అక్షరాలు. 2022 జూన్ నుంచి అలా రిజిస్టరైన కార్లకి థర్డ్ పార్టీ ప్రీమియంలో సగం తగ్గింపు కూడా ఇచ్చారు. అంటే ప్రభుత్వానికి వింటేజ్ అంటే యాభై ఏళ్ళు, టారిఫ్ పుస్తకానికి వింటేజ్ అంటే 1940. ఒకే దేశం, ఒకే కారు, రెండు క్యాలెండర్లు. పోనీ వింటేజ్‌గా నమోదు చేయించుకుందామా అంటే, అప్పుడు దాన్ని మామూలుగా రోడ్డెక్కించకూడదు. ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, మరమ్మత్తుకో తీసుకెళ్ళాలి. శనివారం శనివారం అమ్మని కొండ మీద అప్పన్న దర్శనానికి తీసుకెళ్ళేది మేం ఈ కార్లోనే. ఆ నియమం ప్రకారం అది కుదరదు.

ఇక్కడ కంపెనీలవాళ్ళ వాదన కూడా చెప్పాలి. పాత బండికి ఎంతంటే అంత విలువ ఒప్పుకుంటే, దొంగ క్లెయిములు పెరుగుతాయి అంటారు. తుక్కు బండిని మూడు లక్షలకి ఇన్సూర్ చేసి ఏ గోతిలోనో దింపేవాళ్ళు ఉంటారు అంటారు. ఉంటారు, కాదనను. దానికి మందు లేకపోతే కదా? కారు చూడండి, నలువైపులా, అడుగున కూడా ఫోటోలు తీయించండి, లైసెన్సున్న సర్వేయరు చేత విలువ కట్టించండి. ఆ ఫీజు నేనే ఇస్తాను. ఆ విలువ మీద ప్రీమియం కూడా పూర్తిగా కడతాను. నేను దానం అడగట్లేదు. సరైన వెలకి సరైన సరుకు అడుగుతున్నాను. ఏడాదికోసారి ఫోన్లో అర నిమిషం మాట్లాడి తేల్చే పద్ధతికన్నా ఇదే కంపెనీకి కూడా క్షేమం.

మా ఊళ్ళో దీనికి తోడు ఇంకో బాధ, సముద్రపు గాలి. విశాఖలో ఇనుము ఊరికే ఉండదు, తుప్పు పడుతూనే ఉంటుంది. అరుగుదల, తరుగుదల పాలసీలో కవర్ కావు. కాబట్టి దెబ్బ తగిలిన చోట కాస్త తుప్పు కనపడితే చాలు, "ఇది ముందునుంచీ ఉన్నదే" అని కొట్టేస్తారు. నా మడ్‌గార్డ్‌కి అదే జరగబోయింది. అంతకు ముందు దసరాకి తొలిపావంచా దగ్గర పూజ చేయించినప్పుడు మా అమ్మాయి తీసిన ఫోటో ఆదుకుంది. మడ్‌గార్డ్ నున్నగా, పసుపు కుంకుమ బొట్లతో సహా కనపడుతోంది. అప్పన్న ఆ రకంగా కాపాడాడు :) అయినా చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడం మర్చిపోని నేను, పాలసీ కాగితం తిరగెయ్యడం మాత్రం మర్చిపోయాను.

మరమ్మత్తు గురించి మా మెకానిక్ చెప్పిన మాట ఒకటి చెప్తాను. "కొత్త సామాను ఎక్కడ దొరుకుతాది బాబూ? ఆ కంపెనీయే లేదు. దీన్నే కొట్టి తీస్తాను, టైము ఇయ్యి." ఆయన మామూలుగా అన్నాడు గానీ దాంట్లో లెక్క కూడా ఉంది. లోహపు సామాను మార్చినట్టు రాస్తే సగం కోత. ఉన్నదాన్నే సరిచేసినట్టు రాస్తే అది కూలి, కోత లేదు. పాత కార్లకి నిజంగా జరిగేది కూడా అదే. బంపర్ నిలువుగా తీసి క్రోమ్ పూత వేయించడం, మడ్‌గార్డ్ కొట్టి లప్పం పెట్టడం. కానీ ఎస్టిమేట్ రాసేవాడు అలవాటుగా అన్నిటికీ "రీప్లేస్" అని రాసేస్తాడు. చేసే పనిని చేసే పనిలాగే రాయించండి. అబద్ధం అక్కర్లేదు.

నా కథ ఎక్కడిదాకా వచ్చిందంటే, కంపెనీతో పోట్లాడలేదు. అంకె నేనే ఇచ్చాను కాబట్టి 27,000కి ఒప్పుకున్నాను, ఆర్‌సీ, కారు నా దగ్గరే ఉంచుకునే షరతు మీద. మిగతాది వ్యాను యజమాని మీద. నోటీసు ఇచ్చాను. "పాత బండికి ఇంత గొడవేంటి సార్, అయిదు వేలిస్తాను, సంతకం పెట్టండి" అన్నాడు. పెట్టలేదు. ఒకసారి పెట్టిన సంతకం చాలు. వినియోగదారుల కమిషన్లో ఫిర్యాదు వేశాను. నడుస్తోంది.

మీ ఇంట్లో ఒక అంబాసిడరో, ఫియట్టో, పాత జీపో ఉంటే ఇవి మాత్రం చెయ్యండి:

1. ఈసారి రెన్యూవల్‌కి కారు బజారు విలువ ఎంతో కనుక్కుని, వాల్యుయేషన్ కాగితం జతచేసి, ఐడీవీ అంతే వెయ్యమని రాతపూర్వకంగా అడగండి. ఏజెంటు వెయ్యనంటే వేరే కంపెనీని అడగండి.
2. ఏడాదికి రెండుసార్లు తేదీతో సహా ఫోటోలు తీసి పెట్టుకోండి. అడుగు భాగం మర్చిపోకండి.
3. వ్యాను ఎక్కించేముందు నాలుగు పక్కలా వీడియో తియ్యండి. బంపర్‌కి కొక్కెం వెయ్యనివ్వకండి. చక్రాలకి బెల్టు కట్టకపోతే వ్యాన్ని వెనక్కి పంపెయ్యండి.
4. దెబ్బ తగిలితే అదే రోజు కంపెనీకి చెప్పండి. సర్వేయరు చూసేదాకా ఏదీ విప్పనివ్వకండి. విప్పిన పాత సామాను పారెయ్యనివ్వకండి, మళ్ళీ దొరకదు.
5. కంపెనీకి తెలియకుండా వ్యాను యజమానితో రాజీ కాగితం మీద సంతకం పెట్టకండి. మీకు డబ్బిచ్చాక అతని దగ్గర వసూలు చేసుకునే హక్కు కంపెనీకి ఉంటుంది. దాన్ని మీరు వదిలేస్తే మీ క్లెయిముకే ఎసరు.
6. సర్వేయరు రిపోర్టు కాపీ అడగండి. అది వేదం కాదని సుప్రీం కోర్టే 2009లో ఒక కేసులో చెప్పింది. ముందు కంపెనీకి ఫిర్యాదు, అక్కడ తేలకపోతే హైదరాబాదులో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్. ఖర్చు లేదు, వకీలు అక్కర్లేదు.

కారు మళ్ళీ రోడ్డెక్కడానికి నాలుగు నెలలు పట్టింది. బానెట్ మీద వెలుతురు పడితే మడత జాడ ఇంకా సన్నగా కనపడుతుంది. మొన్న రెన్యూవల్‌కి ఏజెంటు ఫోన్ చేసి, "పాత బండే కదా సార్, పోయినసారి లాగే వేసెయ్యనా?" అన్నాడు.

"రెండున్నర లక్షలు వెయ్యి బాబూ. కాగితాలు పంపిస్తున్నాను, చదువుకో" అన్నాను.